తిరిగి సీసాలో పోసిన బఫర్

మా తోడికోడలంటే నాకు కుళ్ళు. ఈ మాట ముందే చెప్పేస్తే నాకూ హాయి, చదివేవాళ్ళకీ హాయి. ఈర్ష్య అనీ అసూయ అనీ పెద్ద పేర్లు పెట్టుకోవచ్చు గానీ, ఏలూరులో మా వీధిలో దాన్ని కుళ్ళనే అంటారు. నాకున్నది అదే. అది పోయిందని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. పోలేదు. దాని వల్ల పెదపాడులో ఒక పెద్దాయన రొయ్యల చెరువు తుడిచిపెట్టుకుపోవాల్సింది, అదెలా తప్పిందో, తప్పినందుకు నాకేం మిగిలిందో రాస్తున్నాను.

మా ఇంటి ముందుగదిలో నాకు నీళ్ళు పరీక్ష చేసే ల్యాబు ఉంది. పేరుకి ల్యాబే గానీ, ఉన్నవి రెండు బల్లలు, ఒక అలమర, ఒక పిహెచ్ మీటరు, కొన్ని గాజుసామాన్లు. పెదపాడు నుంచి, కొల్లేరు పక్క ఊళ్ళ నుంచి, ఒక్కోసారి ఉండి ఊరి నుంచి కూడా చేపల చెరువుల వాళ్ళు, రొయ్యల చెరువుల వాళ్ళు కూల్‌డ్రింకు సీసాల్లో నీళ్ళు పట్టుకొస్తారు. పొద్దున్న ఆరింటికి తీసిన నీళ్ళొకటి, మధ్యాహ్నం మూడింటికి తీసినవొకటి. ఎండ ఉన్నంతసేపూ చెరువులోని నాచు బొగ్గుపులుసు వాయువుని లాగేసుకుంటుంది కాబట్టి మధ్యాహ్నానికి నీళ్ళ పిహెచ్ పెరుగుతుంది, తెల్లారేసరికి మళ్ళీ తగ్గుతుంది. ఆ రెంటికీ తేడా కొంచెమే ఉంటే చెరువు బాగున్నట్టు. పెద్ద తేడా ఉంటే రొయ్య మేత ముట్టదు, గట్టు పక్కకి వచ్చేస్తుంది, రైతు మొహంలో నెత్తురు చుక్క ఉండదు.

నాది పెదవేగి. పెళ్ళికి ముందు అయిదేళ్ళు ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో డిమాన్‌స్ట్రేటరుగా చేశాను. అక్కడ ఒక్క మందు సీసా కావాలంటే ముగ్గురి సంతకాలు కావాలి. ఎవరైనా మందు పారబోస్తే మా హెడ్డుగారు దొంగని చూసినట్టు చూసేవారు. అందుకని నాకు పారబోయడం చేతకాదు. వంటింట్లో బియ్యం కడిగిన నీళ్ళు కూడా కరివేపాకు మొక్కకి పోసేదాన్ని. ఇది గుర్తుపెట్టుకోవాలి, తరవాత పనికొస్తుంది.

మా తోడికోడలు కూడా నాలాగే కెమిస్ట్రీ చదివింది. తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేది. మా మధ్య ఆ ఊరు అడ్డం ఉన్నంతకాలం మాకు ఏ పేచీ లేదు. పెళ్ళిళ్ళలో కనిపించేది, నా చీర బాగుందనేది, తన చీర బాగుందని నేనూ అనేదాన్ని, ప్యాసింజరెక్కి వెళ్ళిపోయేది. మూడేళ్ళ క్రితం మా మరిదికి ఏలూరు ట్రాన్స్‌ఫరైంది. వాళ్ళు మా పై వాటాలో దిగారు.

దిగిన వారంలోనే కొరమీను పులుసు పెట్టి గిన్నెతో కిందికి తెచ్చింది. మా అత్తగారు రెండుసార్లు వడ్డించుకుని, "ఏం పులుసే తల్లీ!" అన్నారు. పాతికేళ్ళుగా ఆవిడకి నేను పులుసు పెడుతున్నాను. పులుసనేదానికి ఆవిడ నోట "ఏం" అని ముందు చేర్చడం నేనెప్పుడూ వినలేదు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"పులుపు దంచేసిందమ్మా. మీ తాడేపల్లిగూడెంలో చింతపండు ఊరికే పంచిపెడతారా ఏంటి?" అన్నాను.

"అలాగే అక్కయ్యా, ఈసారి తగ్గిస్తాను," అంది నవ్వుతూ.

ఆ "అక్కయ్యా" అనడం వినాలి మీరు. చివర కొంచెం సాగదీసి, చెల్లెలు కూడా అంత ప్రేమగా పిలవదన్నట్టు. వింటేనే నా ఒళ్ళు మండిపోయేది. నాకేమో ముక్కు మీదే కోపం. పాలవాడు ఆలస్యం చేస్తే అరుస్తాను, కరెంటు పోతే అరుస్తాను, కరెంటాఫీసులో పనిచేసే మా ఆయన్ని పట్టుకుని మళ్ళీ అరుస్తాను. తను అలా కాదు. ఏమన్నా మొహం మారదు. తను దండెం మీద ఆరేసిన బట్టలు దారికడ్డమని కుప్పగా కిందపడేస్తే, "అయ్యో, నేనే చూసుకోలేదక్కయ్యా" అనేది. మా అత్తగారు చిక్కుడుకాయలు వలుచుకుంటూ, "ఎంత నిదానమో ఈ పిల్లది!" అనేవారు. నిదానం అనే మాట నా వైపు చూసి అనేవారు.

రోజూ ఓ పుల్లవిరుపు మాట వేసి చూసేదాన్ని. ఎప్పటికైనా మొహం మారకపోతుందా అని. మారేది కాదు. మారకపోయేకొద్దీ నాకు ఇంకా మండేది. కోపం తెచ్చుకోని మనిషి పక్కన కోపిష్టి మనిషి ఎంత చవకబారుగా కనిపిస్తుందో పడేవాళ్ళకే తెలుస్తుంది.

ఒక రోజు డాబా మీద మేమిద్దరమే ఉన్నప్పుడు తన ఉద్యోగం సంగతి చెప్పింది. ట్రాన్స్‌ఫర్ వల్ల మానేసిందనే మేమంతా అనుకుంటున్నాం.

"అది కాదక్కయ్యా. ప్రాక్టికల్ పరీక్షకి నేను కలిపిన యాసిడ్ తప్పింది. సీసా మీద చీటీ ఒకటి, లోపల ఉన్నది ఇంకోటి. పిల్లలు చక్కగానే చేశారు, లెక్కలన్నీ తప్పొచ్చాయి. వచ్చిన ఎగ్జామినరుగారు కనిపెట్టారు. మర్నాటి నుంచి రావద్దన్నారు. ఈ సంగతి మా ఆయనకి కూడా తెలీదు. మీ ఒక్కరికే చెప్తున్నాను."

"పోనీలే, ఎవరికైనా జరుగుతుంది," అన్నాను, తల నిమిరాను కూడా. ఇప్పుడు అబద్ధం ఎందుకు, లోపల మాత్రం చల్లగా అనిపించింది. ఇన్నాళ్ళకి దీనిలోనూ ఓ లోపం దొరికింది కదా అనుకున్నాను. ఆ ఉత్సాహంలోనే, "ఖాళీగా కూర్చోవడమెందుకు, రేపట్నుంచి ల్యాబులోకి రా," అనేశాను.

అక్కడ చేసుకున్నాను తప్పు.

మా ల్యాబుకి మొదటి రోజు నుంచీ వచ్చే రైతు పెదపాడు పెద్దాయన. అరవై దాటాయి. నేను చెప్తే గానీ చెరువులో చెంచాడు మందు కూడా వేయరు. ఆయనకి నేను పదేళ్ళుగా బఫర్ గురించి చెప్తూనే ఉన్నాను. "బలహీన ఆమ్లమూ, దాని లవణమూ కలిసి ఉన్న ద్రావణాన్ని బఫర్ అంటారండీ. మీ చెరువు నీళ్ళలో కార్బొనేట్లు, బైకార్బొనేట్లు ఆ పని చేస్తాయి. వాటిని పెంచుకోవాలి" అని. ఆయన పదేళ్ళుగా, "అలాగేనండీ మేడంగారు" అంటూనే ఉన్నారు. అర్థమైందనే అనుకున్నాను.

తను వచ్చిన నెలలో ఆయన నీళ్ళ సీసా పట్టుకుని వచ్చి, నేను ఫోనులో ఉంటే తన ముందు కూర్చున్నారు. "అసలు ఈ బఫర్ ఏంటండీ అమ్మా?" అని అడిగారు. పదేళ్ళుగా నన్ను అడగనిది!

తను వంటింట్లోకి వెళ్ళి నిమ్మకాయ తెచ్చింది. ఒక గాజుగ్లాసులో మేం తాగే మినరల్ వాటరు పోసింది, ఇంకో గ్లాసులో ఆయన తెచ్చిన చెరువు నీళ్ళు పోసింది. రెంట్లోనూ పిహెచ్ చూసే కిట్టులోని రంగుచుక్కలు వేసింది. రెండూ ఇంచుమించు ఒకే ఆకుపచ్చ. మినరల్ వాటర్లో ఒక్క నిమ్మచుక్క వేసేసరికి నీళ్ళు పసుపచ్చగా తిరిగిపోయాయి. చెరువు నీళ్ళలో ఒకటి వేసింది, రెండు వేసింది, అయిదు వేసింది. రంగు కదల్లేదు.

"చూశారాండీ? ఈ నీళ్ళలో ఇద్దరు కాపలా ఉన్నారు. పులుపు వస్తే ఒకళ్ళు పట్టుకుంటారు, సున్నం లాంటి క్షారం వస్తే ఇంకొకళ్ళు పట్టుకుంటారు. పట్టుకున్నది వాళ్ళ దగ్గరే ఉంచేసుకుంటారు. అందుకని పైకి ఏమీ తెలీదు, మీటరు కదలదు. మినరల్ వాటర్లో కాపలా లేదు, మొదటి చుక్కకే పడిపోయింది."

"ఎన్ని వేసినా అంతేనాండీ?"

"కాదండీ," అని తను వేస్తూనే ఉంది. పది, పదకొండు. పన్నెండో చుక్కకి చెరువు నీళ్ళు కూడా గభాలున పసుపచ్చగా తిరిగాయి. "కాపలా వాళ్ళు ఉన్నంతవరకేనండీ. పట్టుకోవాల్సిందంతా పట్టుకుని వాళ్ళు అయిపోయాక, ఒక్క చుక్క చాలు."

పెద్దాయన ఆ గ్లాసు ఎత్తి వెలుతురులో పెట్టి చూశారు. "అంటే నీళ్ళకి ఓర్పన్నమాట!" అన్నారు. గుమ్మంలో నిలబడ్డ మిగిలిన రైతులు ముందుకు వంగి చూస్తున్నారు. నేను ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఉన్నాను, అవతలివాళ్ళు ఎప్పుడో పెట్టేశారు. ఒక నిమ్మకాయతో నా పదేళ్ళ చదువంతా పిండి పారేసింది. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

అప్పట్నుంచి రైతులు గుమ్మంలోనే, "చిన్నమ్మగారు లేరాండీ?" అని అడగడం మొదలుపెట్టారు. "నేనున్నాను కదండీ," అంటే, "అయ్యయ్యో, అదేం లేదండీ మేడంగారు," అని కూర్చునేవాళ్ళు. కూర్చుని మెట్ల వైపు చూసేవాళ్ళు.

ఇప్పుడు నా సీసా సంగతి. పిహెచ్ మీటరు రోజూ నిజమే చెప్తోందో లేదో చూసుకోవాలి. అందుకో బఫర్ ద్రావణం సీసాలో వస్తుంది, దాని పిహెచ్ సరిగ్గా ఏడు. కొంచెం కప్పులోకి పోసి, మీటరు కడ్డీ అందులో ముంచి, మీటర్ని ఏడు దగ్గర నిలబెట్టుకోవాలి. ఆ తరవాత కప్పులోది పారబోయాలి. నేను పారబోసేదాన్ని కాదు. తిరిగి సీసాలో పోసేసేదాన్ని. చూడ్డానికి శుభ్రంగా ఉండేది, పైగా నా దగ్గరో తర్కం ఉంది. తొందరలో చెరువు నీళ్ళ కడ్డీని కడక్కుండానే ముంచేదాన్ని, కప్పు సబ్బుపొడితో తోమి సరిగ్గా తొలవకుండానే వాడేదాన్ని.

ఒకసారి తను చూసి, మెల్లిగా, "అక్కయ్యా, ఒకసారి బయటికి తీసింది మళ్ళీ సీసాలో పోయకూడదేమోనండీ," అంది.

"మారదు కాబట్టే దాన్ని బఫర్ అన్నారు తల్లీ. నువ్వే కదా నిమ్మకాయ పిండి చూపించావు. రెండు చుక్కల చెరువు నీళ్ళకి మారిపోతే ఇంక అదేం బఫరు?"

"అలాగే అక్కయ్యా," అంది. పన్నెండో చుక్క సంగతి తనకి గుర్తుంది. నాకే గుర్తులేదు. గుర్తుంచుకోవాలనుకోలేదు.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో పెదపాడు పెద్దాయన మధ్యాహ్నం నీళ్ళతో వచ్చారు. రొయ్యలు మేత తినడం లేదట. ఎదిగిన రొయ్య, ఇంక రెండు వారాల్లో పట్టేదే. పొద్దున్న ఆయన పంపిన నీళ్ళు మీటర్లో ఏడూ పాయింట్ రెండు చూపించాయి. మధ్యాహ్నం నీళ్ళు ఎనిమిదీ పాయింట్ ఒకటి.

"వానకి నీళ్ళు పలచబడ్డాయండీ. పొద్దున్న మరీ తగ్గిపోతోంది. రేప్పొద్దున్నే కాల్చిన సున్నం చల్లించండి," అన్నాను.

తను పక్క బల్ల మీద అవే నీళ్ళలో కిట్టు చుక్కలు వేసి, రంగుల అట్ట పక్కన పెట్టి చూస్తోంది. "అక్కయ్యా, ఇది ఎనిమిదిన్నర దాటినట్టు కనిపిస్తోంది. సున్నం పడితే తొమ్మిదిన్నరకి పోతుందేమో. అడుగున అమ్మోనియా ఉంటే రొయ్య తట్టుకోదు. ఒకసారి మీటరు సరిచూద్దామాండీ?"

పిహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియా విషంగా మారుతుందని నాకూ తెలుసు. తను చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. పెద్దాయన నా వైపు చూడకుండా తన వైపు చూశారు. పదేళ్ళుగా నా వైపే చూసిన మనిషి. మా అత్తగారు కూడా తలుపు దగ్గర కూర్చుని ఉన్నారు, ఆవిడా తన వైపే చూస్తున్నారు.

"పరీక్షలో తప్పుడు యాసిడ్ కలిపి, పిల్లల లెక్కలన్నీ పాడుచేసి, కాలేజీ వాళ్ళు పొమ్మంటే ఇంటికొచ్చినదానివి. నువ్వా నాకు మీటరు చూడటం నేర్పేది?"

అనేశాను. అందరూ విన్నారు. పైన మెట్ల మీద మా మరిది దిగుతున్న చప్పుడు ఆగింది.

రెండేళ్ళుగా నేను చూడాలని తపించిపోయిన మార్పు అప్పుడు వచ్చింది. తన మొహం తెల్లగా పాలిపోయింది. ఏడవలేదు, అరవలేదు. రంగుల అట్ట మడిచి కిట్టులో పెట్టింది. లేచి మెట్లెక్కింది. మా మరిది పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

"సున్నమేనంటారాండీ?" అన్నారు పెద్దాయన.

"సున్నమే," అన్నాను.

ఆ సాయంత్రం నాకు పండగలా ఉంది. ఎవరూ నాతో మాట్లాడలేదు, అయినా సరే. అత్తగారు అన్నం దగ్గర ఒక్కటే అన్నారు, "ఆ మాట నీకు ఎవరు చెప్పారే?" అని. తనే చెప్పిందని నేను అనలేకపోయాను.

తెల్లారి ల్యాబు తలుపు తీశాను. తను తప్పని ఋజువు చేద్దామని బుద్ధి పుట్టింది. కిందికి రాగానే చూపిద్దాం, చూడు, నా మీటరు ఎంత నిక్కచ్చిగా ఉందో చూడు, అందాం అనుకున్నాను. అలమరలో మూత తియ్యని కొత్త బఫర్ సీసా ఉంది. దాని మూత తీశాను. నా పాత సీసాతో మీటర్ని ఏడు దగ్గర నిలబెట్టి, కడ్డీ కడిగి, కొత్త సీసాలోంచి పోసిన ఏడులో ముంచాను.

ఆరున్నర అని చూపించింది.

కడ్డీ మళ్ళీ కడిగాను. మళ్ళీ ఆరున్నర. మూడోసారి ముంచే ధైర్యం లేకపోయింది. ఏడుని మీటరు ఆరున్నర అంటోందంటే, పెద్దాయన చెరువు ఎనిమిదీ పాయింట్ ఒకటి కాదు, ఎనిమిదిన్నర పైమాటే. తన కిట్టు చెప్పిందే నిజం. నా సీసాలో ఏడని రాసి ఉంది గానీ లోపల ఏడున్నర ఉంది. మారదనుకున్నది నెలల తరబడి నేను పోసిన ప్రతి చుక్కనీ పట్టుకుని పట్టుకుని, మెల్లిగా మారిపోయింది. సీసా మీద చీటీ ఒకటి, లోపల ఉన్నది ఇంకోటి.

పెద్దాయనకి ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. చెరువు గట్టు మీద షెడ్డులో పెట్టి వెళ్ళుంటారు. సున్నం పొద్దున్నే చల్లిస్తారు, నేను చెప్పినట్టే, అక్షరం పొల్లుపోకుండా. స్కూటీ తీశాను. ఏలూరు దాటి పెదపాడు రోడ్డెక్కాను. రోడ్డు పక్క చెరువుల్లో కొంగలు నిలబడి ఉంటే, చచ్చిన రొయ్యల కోసమే నిలబడ్డాయనిపించింది.

గట్టు మీద సున్నం బస్తాలు వరసగా పేర్చి ఉన్నాయి. మూతులు కుట్టే ఉన్నాయి. ఒక్కటీ విప్పలేదు. పెద్దాయన ఇంజను దగ్గర నిలబడి చెరువులోంచి నీళ్ళు బయటికి తోడిస్తున్నారు.

"రండి మేడంగారు! మీరే వచ్చేశారా?" అన్నారు నన్ను చూసి. "చిన్నమ్మగారు తెల్లవారగానే ఫోను చేశారండీ. అక్కయ్యగారు మళ్ళీ పరీక్ష చేశారట, సున్నం ఆపమన్నారట, ముందు నీళ్ళు మార్చమన్నారట. మీకు ఇంత అనుభవం ఉన్నా మళ్ళీ చూసుకున్నారు చూడండి, అదీ మనిషంటే. మీ మాటంటే మాటేనండీ."

తను ఫోను చేసిన సంగతే నాకు తెలీదు. నిన్న అంత మాటన్నాక, నా పేరు నిలబెడుతూ తను చేసిన పని ఇది. రొయ్యలు బతికాయని సంతోషపడాలి కదా. ముందు నాకు వచ్చింది సంతోషం కాదు. ఇది కూడా తనే చేసిందా, ఈ మంచితనం కూడా నాకు మిగల్చలేదా అనిపించింది. ఎంత పాపిష్టి మనసో చూడండి.

"అవునండీ, చూశాను," అన్నాను. స్కూటీ ఎక్కి కాలవ వంతెన దాకా వచ్చాను. అక్కడ ఆగాను. మనసు ఒప్పలేదు. వెనక్కి తిప్పాను.

"ఏవండీ, మీ నీళ్ళు నేను మళ్ళీ చూడలేదు. ఆపమని నేను చెప్పలేదు. ఆవిడే చూసింది, ఆవిడే చెప్పింది. నా మీటరు తప్పు. నిన్న ఆవిడ చెప్పింది రైటు," అన్నాను. ఒక్క గుక్కలో అన్నాను, ఆగితే మళ్ళీ అనలేనని.

పెద్దాయన తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నారు. "మీరు మంచివారని ఆవిడ, ఆవిడ మంచిదని మీరు. మధ్యలో నా రొయ్య బతికింది. చాలండీ," అన్నారు. ఆపైన కొంచెం తగ్గి, "నిన్నన్న మాట మాత్రం అనకుండా ఉండాల్సిందండీ మేడంగారు," అన్నారు.

ఆ రోజంతా ఫోను పట్టుకుని, ఆ నెలలో నా మీటరు మాట విన్న రైతులందరికీ చేశాను. తప్పు నాదని చెప్పి, మళ్ళీ నీళ్ళు తెమ్మన్నాను. కొందరు తిట్టారు. తిట్టించుకున్నాను.

సాయంత్రం డాబా మీదికి వెళ్ళాను. తను బట్టలు తీస్తోంది.

"పెద్దాయనకి నిజం చెప్పేశాను. మీటరు తప్పని," అన్నాను.

"ఎందుకండీ చెప్పారు? ఒక్క తప్పుకి పేరు పోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. మీకు వద్దనే అలా చెప్పాను."

"నేను అనకూడని మాట అన్నాను."

"అన్నారు."

"నీ మీద కుళ్ళుతో అన్నాను. నీ పులుసు దగ్గర్నుంచి నాకు కుళ్ళే. నా తప్పే. క్షమించు తల్లీ."

తను ఒక చీర మడత పెట్టి, ఇంకో చీర తీసి మడత పెట్టింది. "తెలుసండీ నాకు. పరవాలేదండీ," అంది. నవ్వింది కూడా. అదే నవ్వు. హమ్మయ్య, గండం గడిచింది అనుకున్నాను.

మర్నాడు ఆరింటికల్లా ల్యాబులోకి వచ్చింది. తను చూస్తుండగానే నా పాత సీసా సింకులో పారబోశాను. పాడైన బఫర్‌ని బాగుచేసే మందు లేదు, పారబోసి కొత్తది తెరవడమే. తను కొత్త సీసా మీద తెరిచిన తేదీ రాసి అంటించింది. మా పని సజావుగా సాగింది. పెద్దాయన రొయ్య పట్టారు, ఒక బుట్టెడు మాకూ పంపారు. మా మరిది కూడా ఏమీ అడిగినట్టు లేదు, అడిగినా నాకు తెలియదు.

చాలా రోజులకి గానీ నాకు తట్టలేదు, ఏదో తగ్గింది. ఒక పొద్దున్న తను అలమర దగ్గర్నుంచి పిలిచింది. "మేడంగారూ, బ్యూరెట్టు ఎక్కడ పెట్టారండీ?"

మేడంగారు. రైతులు పిలిచే పిలుపు. చెప్పాను ఎక్కడుందో. "థాంక్సండీ," అంది, మర్యాదగా. అప్పుడు వెనక్కి వెళ్ళి లెక్కపెట్టుకున్నాను. ఆ మధ్యాహ్నం తరవాత తను నన్ను ఒక్కసారి కూడా అక్కయ్యా అనలేదు. పులుసు ఇప్పటికీ తెస్తుంది, అత్తగారికి మందులిస్తుంది, నేను అరిస్తే ఊరుకుంటుంది. ఆ ఒక్క మాటే లేదు. వింటేనే ఒళ్ళు మండేదని రాశానే, ఆ మాట.

అడగలేను కదా, నన్ను అక్కయ్యా అనవేమే అని. ఏడాది గడిచింది. పుల్లవిరుపు మాటలు మానేశాను, నాలిక మీద దాకా వచ్చినా మింగేస్తున్నాను. రోజూ పొద్దున్న కప్పులోని బఫర్ పారబోస్తూ తన వైపు చూస్తాను. తను సీసాల మీద చీటీలు అంటించుకుంటూ ఉంటుంది.

మొన్న ల్యాబులో ఉన్నాను. కొల్లేరు వైపు నుంచి చేపలు తెచ్చే ఆవిడ గంప నెత్తిన పెట్టుకుని వీధిలోకి వచ్చింది. నెలకోసారి వస్తుంది, ఊరేదో కూడా మాకు తెలీదు. పై వాటా పిట్టగోడ దగ్గర్నుంచి తను కేకేసింది.

"అక్కయ్యా! కొరమీను తెచ్చావా?"

అలాగే, చివర కొంచెం సాగదీసి. చేపలావిడ తలెత్తి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వి, గంప మా గుమ్మం ముందే దించింది. నేను చేతిలో కడ్డీ పట్టుకుని కిటికీలోంచి ఆవిణ్ణి చూస్తూ నిలబడ్డాను. నాకు కడుపు మండిపోయింది.